మగ్గం పక్కన ఫోను

ధర్మవరం,
12 జూన్ 2024

అన్నకు, ఆదిలక్ష్మి మొక్కి రాస్తున్నది.

మెడ దగ్గర పుండు పూర్తిగా మానిందని ఈరక్క వదిన ఫోన్‌లో చెప్పింది. సంతోషం. ఇప్పుడు ఫోన్ చేస్తే మీ ఇంట్లో వదిన మాటే వినపడుతుంది, నీ మాట వినపడదు. బెంగళూరులో నీ స్వరపేటిక తీసేసి ఏడాదయిందంటే నమ్మబుద్ధి కాదు. ఏడాదిగా మనిద్దరికీ ఈ ఉత్తరాలే. ప్రమోద నన్ను చూసి నవ్వుతుంది. "ఈ వీధిలో పోస్టుమాన్ నీ ఒక్కదాని కోసరమే వస్తాండాడు మా. నా ఫోన్‌కు మెసేజీ పెట్టమని మామకు చెప్పరాదా?" అంటుంది. నా దగ్గరుండేది బటన్ల ఫోను, దాంట్లో తెలుగు రాదు. నువ్వు నాకు రాసింది కూతురు ముందు చదివి, తర్వాత నాకు వినిపించడం నాకిష్టం లేదు. నీ చేతిరాత నా చేతికే రావాలి.

నువ్వు చెప్పిన మాట మీద నెట్ పెట్టించాం. ప్రమోద చీరలు వీడియో కాల్‌లో చూపిస్తుంది కదా. మన ఇరుకు వీధిలో సిగ్నల్ అందక, పల్లూ చూపించే సమయానికి సరిగ్గా బొమ్మ ఆగిపోయేది. అవతల చీర కొనే ఆమె "ఏమైందండీ" అంటూనే ఉండేది. ఇప్పుడు ఆ బాధ లేదు. టెలిఫోన్ ఆఫీసులో నీ పాత స్నేహితులకు రాసి మన పాత ల్యాండ్‌లైన్ నంబరే మళ్ళీ ఇప్పించావట. ఆ నంబరు ఎవరికీ గుర్తుండదు, అంత కష్టం ఎందుకు పడ్డావన్నా?

బిగించడానికి నరసింహ అని ఒకాయన వచ్చాడు. మంచివాడే గాని మాటలు అర్థం కావు. మోడెమ్ అన్నాడు, రౌటర్ అన్నాడు, ల్యాన్ అన్నాడు, ఓఎన్‌టీ అన్నాడు. నాలుగు డబ్బాలు పెడతాడేమో అనుకున్నాను, పెట్టింది ఒకటే. "అక్కా, ఈ పచ్చలైటు పోయి ఎర్రలైటు వస్తే నాకు ఫోన్ కొట్టు" అని వెళ్ళిపోయాడు. ఆ పేర్లకు అర్థాలేమిటో నాకు తెలిసేలా రాయి.

ఇంకొకటి. నిన్న సాయంత్రం నాలుగింటికి మీ బావ మగ్గం పక్కనున్న పాత ఫోను మోగింది. పదేళ్ళ కిందట కనెక్షన్ తీసేశాక అది ఉత్త బొమ్మలాగే పడి ఉంది, ఆయన వస్తువని నేను తీయలేదంతే. నేను వంటింట్లో ఉన్నాను. ఆ గంట వినపడగానే చేతిలో చెంబు జారిపోయింది. వెళ్ళి ఎత్తాను. ఎవరూ మాట్లాడలేదు. ఊపిరి మాత్రం వినపడింది. చచ్చిన ఫోను ఎట్లా మోగుతుందన్నా?

నీ చెల్లెలు,
ఆదిలక్ష్మి

హిందూపురం,
19 జూన్ 2024

చిన్నప్పటి నుంచి దేనికైనా ఎందుకు, ఎట్లా అని అడిగే నా చెల్లెలికి, ఓబుళప్ప ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి వదిన దగ్గర నవ్వబోయాను. నవ్వు కూడా మెడ దగ్గరున్న రంధ్రం నుంచే వస్తుంది ఇప్పుడు, ఈలలాగా.

విను. వీధి స్తంభం నుంచి మీ ఇంట్లోకి వచ్చిన సన్నటి తీగ ఉంది చూడు, దాంట్లో కరెంటు ఉండదు, వెలుతురు ఉంటుంది. గాజుతీగ అది. ఎక్కువ వంచితే విరుగుతుంది, ప్రమోదను దానిమీద ఏమీ వేలాడదీయొద్దను. ఆ వెలుతురును మన సామాన్లకు అర్థమయ్యేలా మార్చే పెట్టెను ఓఎన్‌టీ అంటారు. జనం అలవాటుగా మోడెమ్ అంటారు, తప్పేమీ లేదు. వచ్చిన నెట్‌ను ఇంట్లో నలుగురికీ పంచేది రౌటర్. గాలిలో పంచితే వైఫై, తీగతో పంచితే ల్యాన్. పూర్వం ఈ పనులకు వేరు వేరు పెట్టెలు ఉండేవి. ఇప్పుడు అన్నీ ఒక దాంట్లోనే. అందుకే నాలుగు పేర్లు, ఒక డబ్బా. గోడకు వేలాడే లావు నల్లతీగ పాత కేబుల్ టీవీది. దాన్ని, దాని చివర ఒక తీగను రెండుగా చీల్చే స్ప్లిటర్‌ను పీకేయవచ్చు. ఇక పనికిరావు.

ఆ పెట్టె వెనక చూడు. వెడల్పాటి రంధ్రాలు ల్యాన్‌వి. వాటి పక్కన కొంచెం సన్నటిది ఒకటి ఉంటుంది, మీద టెల్ అని ఇంగ్లీషులో ఉంటుంది. అది ఫోనుది. నరసింహ కొత్త తీగ లాగే శ్రమ లేకుండా, మీ ఇంటి గోడల్లో ఉన్న పాత ఫోను తీగను తెచ్చి ఆ రంధ్రంలో పెట్టి ఉంటాడు. దాంతో బావ మగ్గం దగ్గర ఫోనుకు మళ్ళీ ప్రాణం వచ్చింది. చచ్చిన ఫోను మోగలేదు, నువ్వు భయపడొద్దు. ఆ చేసిందెవరో పొరపాటున చేసి ఉంటారు.

ఇక్కడ ఎండ తగ్గింది. చిలమత్తూరు వైపు వాన పడిందని, వేరుశనగ వేస్తున్నారని వదిన తమ్ముడు చెప్పాడు.

నీ అన్న,
ఓబుళప్ప

ధర్మవరం,
3 జూలై 2024

అన్నకు నమస్కారం.

నువ్వు చెప్పినట్టే పెట్టె వెనక చూశాను. టెల్ రంధ్రంలో సన్నటి తీగ ఉంది. దాన్ని పట్టుకుని గోడ వెంబడే నడిచాను. వంటింటి గుమ్మం మీదుగా పోయి, మగ్గం గదిలో తెల్లటి చిన్న డబ్బాలోకి దిగింది. నా పెళ్ళికి ముందే నువ్వు వచ్చి ఈ ఇంట్లో బిగించిన డబ్బానే అది. అంతా నువ్వు రాసినట్టే ఉంది.

కాని పొరపాటున చేసేవాళ్ళు రోజూ చేయరు కదా. ఇరవై రోజులుగా రోజూ అదే సమయం, నాలుగు. ఆదివారం కూడా. ఎత్తి "ఎవరు?" అంటాను. జవాబు ఉండదు. ఊపిరి ఒక్కటే. మామూలు ఊపిరి కాదు, తడిగా, కొస దగ్గర సన్నగా ఈల వేసినట్టు. అన్నా, ఆ రోజు మీ బావ మగ్గం గుంతలో ఒరిగిపోయాక నేను ఆయన తల ఒళ్ళో పెట్టుకున్నాను. అప్పుడు విన్న ఊపిరి అట్లాగే ఉండింది.

ప్రమోదకు చెబితే "బ్యాంకోళ్ళు, ఇన్సూరెన్సోళ్ళు చేస్తాంటారు మా, పెట్టెయ్" అంది. అది పుట్టిన ఆరేళ్ళకు నాయన పోయాడు, మగ్గం శబ్దం తప్ప ఏమీ గుర్తులేదు దానికి. మొన్న నాలుగింటికి దాన్నే ఎత్తమన్నాను. "హలో" అనగానే అవతల పెట్టేశారట. నేను ఎత్తితే పెట్టరు. నేను పెట్టేదాకా ఉంటారు.

నంబరు చూపించే ఫోన్లు ఉంటాయట కదా. అట్లాంటిది కొంటే ఎవరో తెలుస్తుందా? నువ్వు ముప్పై అయిదేళ్ళు ఈ పనిలోనే ఉన్నావు, నువ్వు చెప్పిందే చేస్తాను.

ఆదిలక్ష్మి

హిందూపురం,
11 జూలై 2024

చెల్లెలికి,

నంబరు చూపించే ల్యాండ్‌లైన్ ఫోన్లు ఇప్పుడు దొరకడం లేదు. దొరికినా మీ పాత తీగకు పనిచేయవు. దానికోసం బజారంతా తిరగొద్దు.

కంపెనీల యంత్రాలు ఇట్లా వరుసగా నంబర్లు నొక్కుతుంటాయి, అవతల ఎవరు ఎత్తినా పట్టించుకోవు. ఆ ఊపిరి అన్నది లైన్‌లో చప్పుడు. పాత తీగలో తేమ చేరితే అట్లాగే వినపడుతుంది. నీకు మరీ ఇబ్బందిగా ఉంటే టెల్ రంధ్రంలో పిన్ను ఉంది కదా, దాని మీద చిన్న నాలుక ఉంటుంది. దాన్ని నొక్కి పట్టుకుని లాగు, వచ్చేస్తుంది. నెట్‌కు ఏమీ కాదు. మగ్గం దగ్గర ఫోను మళ్ళీ మోగదు.

బావ ఊపిరి అనుకోవద్దు. అట్లా అనుకుంటే నీ ఆరోగ్యం చెడుతుంది.

ఓబుళప్ప

ధర్మవరం,
30 జూలై 2024

అన్నకు, ఆదిలక్ష్మి.

నీ ఉత్తరం పొడిగా ఉంది. విసుక్కున్నావేమో. క్షమించు.

పిన్ను లాగాను. నాలుక నొక్కితే సులభంగానే వచ్చింది. నాలుగయింది. ఇంట్లో ఏ శబ్దమూ లేదు. ప్రమోద నూలు కొనడానికి వెళ్ళింది. మగ్గం గదిలో కూర్చుని ఆ ఫోను వైపు చూశాను. అవతల ఎవరో చేస్తున్నారు, నేను ఎత్తడం లేదు అనిపించింది. ఒకసారి ఆ ఫోను నన్ను మోసం చేసింది, ఇప్పుడు నేను దాన్ని చేస్తున్నానేమో అనిపించింది. పది నిమిషాలు కూడా ఓర్చుకోలేక మళ్ళీ పిన్ను పెట్టేశాను. పెట్టగానే మోగింది. ఎత్తి, ఎవరని అడగలేదు. "ఉండాను, చెప్పు" అన్నాను.

ఆ రోజు నుంచి నేనే మాట్లాడుతున్నాను. నవ్వకు. ఈ రోజు ఏం వండానో, ప్రమోద ఎన్ని చీరలు చూపించిందో, పువ్వులు చేత్తో ఎక్కించే కుట్టుబుటా నేసేవాళ్ళు ఎంత తగ్గిపోయారో, అన్నీ. అవతల ఊపిరి వింటూ ఉంటుంది. నేను నవ్వితే అది కొంచెం వేగంగా వస్తుంది. తేమకు నవ్వు తెలుస్తుందా అన్నా? నువ్వు పెద్ద చదువు చదవకపోయినా తీగల సంగతి నీకంటే తెలిసినవాడు లేడు. నువ్వు యంత్రం అన్నా నేను నమ్మను. మీ బావే.

ప్రమోద భయపడుతోంది. నాకు తెలియకుండా పుట్టపర్తిలో డాక్టరుకు చూపించాలని అనుకుంటోంది. తలుపు వెనక నుంచి విన్నాను.

ఆదిలక్ష్మి

హిందూపురం,
8 ఆగస్టు 2024

ఆదిలక్ష్మికి,

మొన్న పెనుకొండ పోయాను. నాతో పాటు పనిచేసిన గంగప్ప కూతురి గృహప్రవేశం. మన నాయన ఉన్న వీధిలోంచే పోయాం, మన అద్దె ఇల్లు ఉన్నచోట ఇప్పుడు ఎరువుల కొట్టు ఉంది. భోజనాలయ్యాక గంగప్ప నన్ను ఎక్స్ఛేంజి వైపు తీసుకుపోయాడు. అక్కడ రోడ్డు పక్కన గుంత తవ్వి, మా కాలంలో పూడ్చిన రాగి కేబుల్‌ను బయటకు లాగుతున్నారు. చేయి లావు ఉంటుంది ఆ కేబుల్. మట్టిలోంచి పాము వచ్చినట్టు వస్తూనే ఉంది. ఒకచోట పైతోలు చిరిగి లోపల జతలు బయటపడ్డాయి. ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క జత. తెలుపు-నీలం, తెలుపు-నారింజ, తెలుపు-ఆకుపచ్చ. రంగులు నిన్న వేసినట్టే ఉన్నాయి. "చూడప్పా, మట్టిలో ఇన్నేండ్లుండి కూడా వన్నె తగ్గల్యా" అన్నాడు గంగప్ప. నాకు కళ్ళు తిరిగి అక్కడే కూర్చున్నాను. ఎండకు అనుకుని సోడా తాగించాడు.

చెల్లెలా, ఆ ఫోనుతో మాట్లాడొద్దు. నీ బాగు కోరి చెబుతున్నాను. మనసులో ఉన్నవన్నీ ఆ ఫోనుకు చెప్పొద్దు.

ఓబుళప్ప

ధర్మవరం,
20 ఆగస్టు 2024

అన్నకు,

పదిహేడో తేదీ మీ బావ పోయి ఇరవై ఏళ్ళు నిండాయి. ఇంట్లో పెద్దగా ఏమీ చేయలేదు. ఆయనకిష్టమని ఉగ్గాని, బజ్జీ చేశాను.

నాలుగింటికి ఫోను మోగింది. ఇన్నాళ్ళూ ఎవరితోనూ అనని మాట ఒకటి ఉంది. ఆ రోజు అనేశాను. నువ్వు వద్దన్నావు, కాని అనేశాను. ఇప్పుడు తేలికగా ఉంది.

నువ్వు మందులు వేసుకుంటున్నావా? మెడకు గుడ్డ కట్టుకోకుండా దుమ్ములో తిరుగుతున్నావని వదిన అంది.

ఆదిలక్ష్మి

హిందూపురం,
28 ఆగస్టు 2024

ఆదిలక్ష్మీ,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చింపాను. ఇది అయిదోది.

రోజూ నాలుగింటికి ఫోను చేసింది నేనే.

నీ పాత నంబరు కోసం స్నేహితులను బతిమాలింది అందుకే. చూపుడువేలికి ఇరవై ఏళ్ళుగా ఆ నంబరు గుర్తుంది. గొంతు పోయాక నాకు ఎవరూ ఫోను చేయరు, చేసినా వదినకిస్తారు. నువ్వు "ఎవరు?" అనడం ఒక్కసారి వింటే చాలనుకున్నాను. ఫోనును నోటి దగ్గర కాదు, మెడ దగ్గర పెట్టుకున్నాను. ఇప్పుడు నా ఊపిరి ఉండేది అక్కడే. అది బావ ఊపిరిలా ఉందని నువ్వు రాసినప్పుడే నిజం చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. నంబరు చూపించే ఫోన్లు దొరకవని అబద్ధం రాశాను. పిన్ను పీకేయమన్నాను. ఆ రోజు నువ్వు పీకాక పది నిమిషాలు అవతల గంట మోగుతూనే ఉంది నా చెవిలో. మీ ఇంట్లో మోగలేదంతే.

పదిహేడో తేదీ నువ్వన్న మాటలు నాకు అక్షరం తప్పకుండా గుర్తున్నాయి. "ఆ పొద్దు నేను మా అన్నకే ఫోను కొట్టబోతి. ఊర్లో అందరి ఫోన్లు బాగు చేసేటోడు, చెల్లెలి ఇంట్లో ఫోను మూడు దినాలు సచ్చి పడుంటే వచ్చి చూడల్యా. ఆయప్ప ఒక్కసారి వచ్చింటే నువ్వు బతికుందువు. ఇరవై ఏండ్లు అడగల్యా నేను. అడిగితే ఉండే ఒక్క అన్న కూడా దూరమైతాడని." అన్నావు. బావతో అంటున్నానని నువ్వు అనుకున్నావు. విన్నది నేను.

నువ్వు నా మీద పెట్టుకున్న తప్పు, రాలేదన్నది. అసలు తప్పు అది కాదు. దాన్ని ఈరక్కకు కూడా చెప్పలేదు.

రోడ్డు తవ్వే కూలీలు కేబుల్ తెంపేశారని అప్పుడు నీతో చెప్పాను. ఎవరూ తెంపలేదు. ఆ వారం పట్టు వ్యాపారి తిమ్మరాజు ఇంట్లో పెళ్ళి. ఆయన ఇంటికి పోయే జత పాడైంది. స్తంభం మీద డబ్బాలో ఖాళీగా మంచి జత ఒక్కటీ లేదు. "పెండ్లిండ్లు రోజూ కావు ఓబుళప్పా, యాడన్నుంచైనా తెచ్చి ఇయ్యి" అన్నాడు. ఎవరి జత తీసినా మరుసటి రోజే ఫిర్యాదు రాస్తారు. చెల్లెలు రాయదు. తెలుపు-నీలం మీ ఇంటిది. దాన్ని విప్పి ఆయనకు కట్టాను. మూడు రోజులే కదా, పెళ్ళి అయ్యాక తిప్పి కడతానని. మూడో రోజు పొద్దున నువ్వు ఆ ఫోను ఎత్తావు.

దానికి ప్రతిగా ఏమీ తీసుకోలేదు. తీసుకుని ఉంటే కనీసం ఒక కారణమైనా ఉండేది. పెద్దమనిషి పేరు పెట్టి పిలిచాడని చేశాను, అంతే.

ఆ సాయంత్రం, ఇంటి ముందు జనం ఉండగా, నేను స్తంభం ఎక్కి జత మార్చాను. నువ్వు లోపల ఏడుస్తున్నావు. అది వింటూ కట్టాను.

ఇక నాలుగింటికి ఫోను చేయను. నీకు ఇష్టమైతే రాయి.

ఓబుళప్ప

ధర్మవరం,
22 సెప్టెంబరు 2024

ఓబుళప్పన్నకు,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలు దాటింది. ఇన్నాళ్ళూ కలం పట్టలేదు.

ముందు నా అబద్ధం చెబుతాను. ఆగస్టు మొదటి వారంలో ప్రమోద నరసింహను పిలిచి అడిగింది. "నంబరు కనపడే ఫోను ఇక్కడ బజార్లోనే ఉండాది కదక్కా, మీకు దొరకదని చెప్పిందెవరు?" అన్నాడు. మరుసటి రోజే తెచ్చి అదే తెల్ల డబ్బాకు తగిలించాడు. నాలుగింటికి చిన్న అద్దంలో అంకెలు వచ్చాయి. ప్రమోద తన సెల్‌లో చూసి, "మా, ఇది మామ నంబరు" అంది. మీ బావ రెండోసారి పోయినట్టయింది నాకు.

ప్రమోద అప్పుడే నీకు మెసేజీ పెడతానంది. వద్దన్నాను. నీ ముఖం చూస్తూ అయినా, ఉత్తరంలో అయినా ఆ మాట అడగలేను. నువ్వు నాకు అన్నవు. నువ్వు జవాబు చెప్పలేని చోట అయితే అడగగలను. పదిహేడో తేదీ నేను మాట్లాడింది మీ బావతో కాదు. నీతోనే. "ఆయప్ప" అని నిన్నే నీ దగ్గర అన్నాను.

అన్నాక తేలికగా ఉందని రాశాను. అది నిజం. వచ్చి చూడలేదన్నది చిన్న తప్పు, పనుల్లో మరిచాడు, మనిషన్నాక జరుగుతుంది అని సర్దుకున్నాను. అప్పుడు నీ ఉత్తరం వచ్చింది.

ఇరవై ఏళ్ళు నేను ఎవరెవరిని తిట్టుకున్నానో తెలుసా? ముఖం తెలియని ఆ కూలీలను. గడ్డపార పట్టుకున్న ఎవరిని చూసినా నా కడుపు మండేది. మన వీధిలో నీళ్ళ పైపు వేయడానికి వచ్చినవాళ్ళకు తాగడానికి నీళ్ళు కూడా ఇవ్వలేదు ఒకసారి. ఒకామె చంకలో బిడ్డ ఉంది. పక్కింటి దాసమ్మ తెచ్చి ఇచ్చింది. ఆ పాపం కూడా నీదే.

ఆ రోజు ఆయన్ను అరగంట ముందు తెచ్చి ఉంటే అన్నాడు డాక్టరు. ముందు తెచ్చి ఉంటే బతికేవాడని అనలేదు, ఏమో చూసేవాళ్ళం అన్నాడు. ఆ "ఏమో"ను నువ్వు స్తంభం మీద విప్పేశావు. అందుకని నువ్వు చంపావని అనలేను, చంపలేదని కూడా అనలేను.

ఫోను చేయకు. ఉత్తరం మాత్రం ఆపకు. నీ ఉత్తరం రాకపోతే నువ్వు కూడా పోయావనుకుంటాను. ఏమీ లేకపోతే వాన పడిందని రాయి, ఎండ కాసిందని రాయి. క్షమించు అని మాత్రం రాయకు.

నాలుగింటికి నా కాళ్ళు ఇప్పటికీ ఆ గదిలోకి పోతాయి. గంట మోగిందనిపిస్తుంది. ఎత్తితే డయల్ టోన్. బర్రుమని ఒకటే శబ్దం, మనిషి లేని శబ్దం.

ఆదిలక్ష్మి

హిందూపురం,
5 అక్టోబరు 2024

ఆదిలక్ష్మికి,

వాన పడింది. చింతచెట్టు కొమ్మ విరిగి ఎదురింటి గాజుతీగ తెగిపోయింది. అతికించడానికి వచ్చిన ఆయన ఒక చిన్న యంత్రంలో రెండు కొనలు పెట్టి క్షణంలో కలిపేశాడు. అతుకు కనపడలేదు. మా కాలంలో అతుకు చేతికి తగిలేది.

ఈరక్కకు అంతా రాసి చూపించాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు నీ దగ్గరికి వస్తానంది. నువ్వు పిలిచేదాకా ఆగమన్నాను.

మందులు వేసుకుంటున్నాను.

ఓబుళప్ప

ధర్మవరం,
24 నవంబరు 2024

అన్నకు,

నీ ఏడు ఉత్తరాలూ అందాయి. వాన, ఎండ, పిల్లి ఈనింది, పింఛను ఆఫీసు కాగితం, అన్నీ చదివాను. ఇన్ని రోజులు జవాబు రాయకపోవడం పంతం కాదు. ఏం రాసినా చివర ఒకే ప్రశ్న దగ్గరికి వచ్చి ఆగిపోతున్నాను. దాన్ని ఉత్తరంలో అడిగితే నువ్వు ఆలోచించి, చింపి, మళ్ళీ రాసి, మంచి మాటలు ఏరి పంపుతావు. నాకు ఆ జవాబు వద్దు.

డిసెంబరు మూడో తేదీ మంగళవారం. నాలుగింటికి ఫోను చెయ్యి. ప్రమోదను బయటకు పంపిస్తాను. నేను ఒకటే అడుగుతాను. అవునంటే ఫోను మీద వేలితో ఒకసారి తట్టు. కాదంటే రెండుసార్లు. అంతకంటే ఏమీ చేయకు.

ఆదిలక్ష్మి

హిందూపురం,
4 డిసెంబరు 2024

నా చెల్లెలికి,

నిన్న నాలుగింటికి చేశాను. ఈరక్కే నంబరు నొక్కి ఇచ్చి, బయట అరుగు మీదికి వెళ్ళి కూర్చుంది.

నువ్వు ఎత్తగానే అడిగావు. "నీ బావకు ఛాతీలో నొప్పి వస్తాండాదని వారం ముందే నీకు చెప్పింటి. ఆ తీగ విప్పేటప్పుడు నీకా మాట గుర్తొచ్చిందా?" అని.

ఇరవై ఏళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న అది. నన్ను నేను కూడా అడగలేదు, దాని చుట్టూ తిరిగి వచ్చేవాణ్ణి. రెండుసార్లు తట్టడానికే వేలు ఎత్తాను, నీతో అబద్ధం ఆడను. ఒకసారి తట్టాను. రెండోసారి వేలు దిగలేదు. ఆ ఒక్కటే నిజం కూడా. గుర్తొచ్చింది. మూడు రోజుల్లో ఏమవుతుందిలే అనుకున్నాను.

నువ్వు పెట్టేస్తావని అనుకున్నాను. పెట్టలేదు. అరవలేదు. ఫోను పక్కన పెట్టిన చప్పుడు వినపడింది. తర్వాత చాలాసేపు నువ్వు గదిలో నడిచావు. ఒకసారి మగ్గం మీద గుడ్డ తీసినట్టు అనిపించింది. ఏడ్చావా లేదా తెలియలేదు. నేను ఫోను మెడ దగ్గర పెట్టుకునే ఉన్నాను. గోడ గడియారం చూస్తే నాలుగూ ఇరవై అయింది. అప్పుడు నువ్వు మళ్ళీ ఎత్తి ఒక మాట అన్నావు. సరిగ్గా అప్పుడే మా వీధిలో లారీ హారన్ కొట్టింది. "మంగళవారం" అన్నది విన్నాను. ఆ తర్వాత మాట వినపడలేదు. నువ్వు పెట్టేశావు.

మంగళవారం చెయ్యి అన్నావా? మంగళవారంతో ముగిసింది, ఇక చేయొద్దు అన్నావా? ఊహించుకుని చేసే ధైర్యం నాకు లేదు. నీ మాటను నాకు అనుకూలంగా వినే పని ఒకసారి చేశాను, చాలు. ఏది అన్నా సరే, రాసి పంపు.

ఓబుళప్ప

ధర్మవరం,
7 డిసెంబరు 2024

అన్నకు,

కార్డు ముక్క చాలు దీనికి. ప్రమోద కూడా చదువుకోవచ్చు, పోస్టుమాన్ కూడా చదువుకోవచ్చు.

ఒకసారి తట్టి ఊరుకున్నావు. రెండుసార్లు తట్టి ఉంటే నేను నమ్మేదాన్ని కాదు, ఆ తర్వాత నీ ఉత్తరం ఏదీ విప్పేదాన్ని కూడా కాదు. నిన్ను క్షమించానని రాయడం లేదు. అది నాకు చేతనవుతుందో లేదో తెలియదు.

మంగళవారం చెయ్యమన్నాను. ప్రతి మంగళవారం. ఆయన గురించి నేను చెబుతాను, మొదటి నుంచి. నువ్వు విను.

ఆదిలక్ష్మి